మిస్ లెమన్ గురించి మీరడిగినవి

అగాథా క్రిస్టీ సృష్టించిన బెల్జియం డిటెక్టివ్ ఎర్క్యూల్ ప్వారో కథల్ని బ్రిటన్‌లో ఐటీవీ వాళ్లు సీరియల్‌గా తీశారు కదా, దాని గురించి ఆమధ్య ఇక్కడ ఒక ప్రశ్నకి జవాబు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ప్వారో గురించి కాదు, ఆయన సెక్రటరీ మిస్ లెమన్ గురించి! నాకు చాలా సంతోషమేసింది. ఆ సీరియల్లో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆమెకే ఇచ్చేస్తున్నాను.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొదటి ఎపిసోడ్ 1989 జనవరి 8న, చివరిది 2013 నవంబర్ 13న వచ్చాయి. మొత్తం 70 ఎపిసోడ్లు. ప్వారోగా డేవిడ్ సూషే, ఆయన మిత్రుడు కెప్టెన్ హేస్టింగ్స్‌గా హ్యూ ఫ్రేజర్, స్కాట్లాండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ జాప్‌గా ఫిలిప్ జాక్సన్, మిస్ లెమన్‌గా పాలిన్ మొరన్ నటించారు. 70లో సగం ఎపిసోడ్లలో కూడా మిస్ లెమన్ లేదు. అయినా ప్వారో ఇల్లు అనగానే, నుదుటి మీద గుండ్రంగా చుట్టిన ఆ ముంగురులతో టైపురైటర్ ముందు కూర్చున్న ఆమే ముందు గుర్తొస్తుంది.

సీరియల్ చూశాక క్రిస్టీ నవలలు వరసగా చదువుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కదాంట్లోనూ మిస్ లెమన్ కనిపించలేదు. టీవీ వాళ్లు కల్పించిన పాత్రా ఏమిటి?
— ఒక పాఠకురాలు, విజయనగరం

కాదండీ, క్రిస్టీ పాత్రే. కాకపోతే మీరు బహుశా 1920, 30ల్లో వచ్చిన నవలలతో మొదలుపెట్టి ఉంటారు. వాటిలో వెతికితే దొరకదు. తమాషా ఏమిటంటే ఆమె మొదట ప్వారో దగ్గర పనిచేయలేదు. క్రిస్టీకి పార్కర్ పైన్ అని ఇంకో కథానాయకుడున్నాడు, "మీరు సంతోషంగా లేరా? అయితే నన్ను కలవండి" అన్నట్టు పేపర్లో ప్రకటన ఇచ్చుకునే పెద్దమనిషి. మిస్ లెమన్ మొదట కనిపించింది ఆయన ఆఫీసులో, 1932లో. ప్వారో దగ్గర చేరింది 1935లో, 'హౌ డజ్ యువర్ గార్డెన్ గ్రో?' అనే చిన్న కథతో.

ఆ తర్వాత 'ద లేబర్స్ ఆఫ్ హెర్క్యులిస్' సంపుటిలో, 'హికరీ డికరీ డాక్' (1955), 'డెడ్ మ్యాన్స్ ఫాలీ' (1956), 'థర్డ్ గర్ల్' (1966), 'ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్' (1972) నవలల్లో ఉంటుంది. అంటే ఎక్కువగా ప్వారో వయసు మళ్లాక రాసినవాటిలో. అప్పటికి హేస్టింగ్స్ అర్జెంటీనాలో స్థిరపడి క్రిస్టీ కథల్లోంచి దాదాపు తప్పుకున్నాడు. 1932లో హేస్టింగ్స్ చెప్పినట్టుగా రాసిన 'బాగ్దాద్ చెస్ట్' కథని క్రిస్టీ చాలా ఏళ్ల తర్వాత పెంచి, 1960లో 'స్పానిష్ చెస్ట్' పేరుతో పుస్తకంలో వేశారు. దాంట్లో హేస్టింగ్స్ లేడు, మిస్ లెమన్ ఉంది. అది చదివితే ఒకరు ఖాళీ చేసిన కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం కళ్లకు కడుతుంది.

కాబట్టి ప్వారో, హేస్టింగ్స్, జాప్, మిస్ లెమన్ నలుగురూ ఒక గదిలో చేరి కబుర్లు చెప్పుకోవడం పూర్తిగా టీవీ వాళ్ల ఆలోచన. పుస్తకాల్లో ఆ నలుగురి జట్టు లేదు. నిర్మాత బ్రయన్ ఈస్ట్‌మన్, మొదటి సీజన్లకు ఎక్కువ స్క్రిప్టులు రాసిన క్లైవ్ ఎక్స్‌టన్, దాదాపు కథలన్నిటినీ 1930ల మధ్యకి తెచ్చిపెట్టి, వేరువేరు కాలాల్లో తిరిగే మనుషుల్ని ఒక ఇంటివాళ్లని చేశారు. నా మటుకు నాకు ఆ సీరియల్ చేసిన అతి మంచి పని ఇదే.

ఒక్క కథ చదివి మిస్ లెమన్‌ని పట్టుకోవాలంటే 'ద క్యాప్చర్ ఆఫ్ సెర్బెరస్' చదవండి. ప్వారోకి లండన్ అండర్‌గ్రౌండ్ స్టేషన్లో ఎస్కలేటర్ మీద ఒక పాత పరిచయస్తురాలు ఎదురవుతుంది. ఆమె కిందికి, ఈయన పైకి. మళ్లీ ఎక్కడ కలుద్దాం అని అడిగితే "నరకంలో" అని అరిచి వెళ్లిపోతుంది. ప్వారో రోజంతా బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి మిస్ లెమన్‌ని అడుగుతాడు, నిన్నెవరైనా నరకంలో కలవమంటే ఏం చేస్తావని. ఆమె తొణక్కుండా, ముందే ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకోవడం మంచిదంటుంది. 'హెల్' అనేది ఊళ్లో కొత్తగా తెరిచిన నైట్‌క్లబ్! ప్వారోకి తెలియనిది ఆమెకు తెలుసు, తెలుసన్న గొప్ప కూడా లేదు.

పుస్తకాల్లో మిస్ లెమన్ ఎముకల గూడులాంటి మనిషి, ఊహాశక్తి లేదు, కుతూహలం అంతకన్నా లేదు. ఆమెకున్న ఒకే కల ప్రపంచంలో ఇంకెవరూ చేయలేనంత గొప్ప ఫైలింగ్ పద్ధతి తయారు చేయడం. టీవీలో అందంగా తయారై, ఆత్మల్ని పిలిచే ప్లాంచెట్ ముందు కూర్చుంటుంది. ఇది మూలానికి ద్రోహం కాదా?
— ఒక పాఠకుడు, వరంగల్

మీరు చెప్పిన వర్ణనంతా నిజమే. క్రిస్టీ ఆమెను దాదాపు ఒక యంత్రంలా రాశారు. ఎవరైనా అడిగితే తప్ప ఆలోచించదు, అడిగితే మాత్రం తప్పు చెప్పదు. 'హికరీ డికరీ డాక్' నవల మొదలయ్యేదే ఆ యంత్రం చెడటంతో. మిస్ లెమన్ టైపు చేసిన ఉత్తరంలో మూడు తప్పులుంటాయి, ప్వారో నమ్మలేకపోతాడు. తీరా అడిగితే ఆమెకు ఒక అక్క ఉందనీ, భర్త పోయి సింగపూర్ నుంచి తిరిగొచ్చి లండన్‌లో విద్యార్థుల హాస్టల్ చూసుకుంటోందనీ, ఆ హాస్టల్లో ఒంటి చెప్పు, స్టెతస్కోపు, ఎలక్ట్రిక్ బల్బుల్లాంటివి అర్థం పర్థం లేకుండా మాయమవుతున్నాయనీ బయటపడుతుంది. మిస్ లెమన్‌కి అక్క ఉండటమే ప్వారోకి వింత, ఇన్నేళ్లలో ఆ ఊహే రాలేదాయనకి.

టీవీకి ఇది సరిపోదు. చదివేటప్పుడు ఒక పేజీలో కనిపించి వెళ్లిపోయే యంత్రం బాగుంటుంది. వారం వారం కనిపించే మనిషికి మాత్రం ఇంకొంచెం కావాలి. వాళ్లు ఏం చేశారంటే క్రమశిక్షణ, ఫైళ్ల పిచ్చి అలాగే ఉంచి దాని పక్కన జ్యోతిషం, ఆత్మలు, హిప్నాటిజం మీద ఆసక్తి పెట్టారు. మీకు ఇది పొసగనట్టు కనిపించొచ్చు, నాకు మాత్రం చాలా సహజంగా అనిపిస్తుంది. ప్రతి కాగితానికీ ఒక చోటుండాలని నమ్మే మనిషి చనిపోయినవాళ్లకి కూడా ఎక్కడో ఒక చోటుంటుందని నమ్మడంలో వింతేముంది? 'ఈజిప్షియన్ టూంబ్' ఎపిసోడ్లో ఆమె పెంపుడు పిల్లి చచ్చిపోతుంది. దాని పేరు క్యాథరీన్ ద గ్రేట్. దానితో మాట్లాడాలని ప్లాంచెట్ పెడుతుంది. పాలిన్ మొరన్ దాన్ని నవ్వులాటగా చేయలేదు, నిజమైన దుఃఖంతో చేశారు. కథంతా ఈజిప్ట్ సమాధులూ శాపాల చుట్టూ తిరుగుతుంటే, లండన్‌లో ఒక ఒంటరి మనిషి తన పిల్లి కోసం బాధపడుతుంటుంది. శాపాల్ని నమ్మని ప్వారో, ఆమె బాధను మాత్రం తీసిపారేయడు.

ఈ ఆసక్తి ఉత్త అలంకారంగా కూడా మిగిలిపోలేదు. 'పెరిల్ ఎట్ ఎండ్ హౌస్' చివర్లో ప్వారో పెట్టించే ఆత్మల ఆవాహన నవలలో హేస్టింగ్స్ మీదుగా జరుగుతుంది, టీవీలో ఆ పని మిస్ లెమన్‌ది. చూసి చెప్పండి ఎవరు నయమో.

ద్రోహం అనదగ్గది వేరే ఉంది. 'హికరీ డికరీ డాక్' నవల హాస్టల్లో ఆఫ్రికా నుంచీ, మన దేశం నుంచీ వచ్చిన విద్యార్థులు కూడా ఉంటారు. యుద్ధం తర్వాతి లండన్ అది. 1995లో తీసిన టీవీ రూపంలో కథను 1930లకి జరిపి ఆ విద్యార్థుల్ని తీసేశారు. నవల బలం చాలావరకు ఆ కలగలుపులోనే ఉంది కాబట్టి నాకు అది పెద్ద లోటే అనిపించింది.

తలుపు తీయడం, ఫోన్ ఎత్తడం, కషాయం కప్పు అందించడం, టైపు కొట్టడం. 1930ల మగవాళ్ల కథల్లో ఆడవాళ్లకి పడేసే పనులే కదా ఇవి. మీరెందుకింత మురిసిపోతున్నారో నాకర్థం కావట్లేదు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీ మాటలో నిజముంది, కాదనను. కొన్ని ఎపిసోడ్లలో ఆమెకి "మిమ్మల్ని కలవడానికి ఫలానావారు వచ్చారు" తప్ప మాటే ఉండదు. అంత మంచి నటిని పెట్టుకుని అలా వాడటం చూస్తే నాకూ కోపమొస్తుంది. పైగా పుస్తకాల్లో ప్వారోకి జార్జ్ అని సేవకుడున్నాడు, మొదటి సీజన్లలో టీవీ వాళ్లు జార్జ్‌ని పెట్టలేదు. దాంతో సేవకుడు చేయాల్సిన పనులు కూడా మిస్ లెమన్ నెత్తిన పడ్డాయి. పుస్తకంలో ఆమె పని కాగితాలవరకే, జలుబు చేసిన ప్వారోని చూసుకోవడం ఆమె ఉద్యోగంలో లేదు.

అయినా ఎందుకింత ఇష్టం అంటే చెప్తాను. ప్వారో ఎలాంటివాడో మీకు తెలుసు. పొద్దున్న రెండు కోడిగుడ్లు ఒకే సైజులో లేకపోతే తినలేడు, పటం ఒక పక్కకి ఒరిగితే నిలబడలేడు. హేస్టింగ్స్‌కి అది వింత, జాప్‌కి వేళాకోళం. వచ్చీపోయే దొరలకీ దొరసానులకీ ఈ మీసాల విదేశీయుడే ఒక తమాషా. ఒక్క మిస్ లెమన్‌కి మాత్రం అందులో నవ్వడానికేమీ కనిపించదు. వస్తువు ఉండాల్సిన చోట ఉండాలి, అంతే, అందులో విడ్డూరం ఏముంది అన్నట్టు ఉంటుంది ఆమె. పరాయి దేశంలో, తనని చూసి నవ్వేవాళ్ల మధ్య బతికే మనిషికి, తన పద్ధతి మామూలేనని ఒప్పుకునే మనిషి ఇంట్లో ఒకరున్నారు. ఆమె గదిలో ఉన్నప్పుడు ప్వారో వింత మనిషిలా కనిపించడు, గమనించండి. ఆ పని హేస్టింగ్స్ వల్ల కాదు. ఆయనది ప్రేమే, కానీ ఆశ్చర్యంతో కూడిన ప్రేమ.

ఇంకోటి. ఇలాంటి కథల్లో డిటెక్టివ్ చుట్టూ ఉండేవాళ్లు తప్పుగా ఆలోచించడానికే ఉంటారు, డిటెక్టివ్ తెలివి మనకి కనపడాలిగా మరి. హేస్టింగ్స్ తప్పు చెప్తాడు, జాప్ తప్పు మనిషిని అరెస్టు చేస్తాడు. మిస్ లెమన్ని ఆ లెక్కలో కలపలేరు. 'ద నెమియన్ లయన్' కథలో ప్వారో పొద్దున్నే ఆసక్తికరమైన ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడుగుతాడు, ఆమె ఒకటి తీసి పైన పెట్టి ఉంచుతుంది. చూస్తే ఎవరో పెద్దింటావిడ కుక్కపిల్ల పోయిందట! ప్వారోకి ఒళ్లు మండుతుంది, నాకు కుక్కల కేసా అని. రెండోసారి చదివాక గానీ ఆ ఉత్తరంలో ఉన్న చిక్కు ఆయనకి కనపడదు. ఆమెకి మొదటిసారే కనపడింది.

పెళ్లాంగానో కూతురుగానో ప్రియురాలిగానో కాకుండా, తన జీతం మీద తను బతుకుతూ, తన పని తనకంటే బాగా ఇంకెవరూ చేయలేరని తెలిసిన ఆడమనిషి ఆమె. 'చీప్ ఫ్లాట్' ఎపిసోడ్లో విలేఖరిగా నటిస్తూ నైట్‌క్లబ్‌లోకి వెళ్లి కూపీ లాగుతుంది, అది చూసి మళ్లీ నాకు రాయండి.

ఆ నుదుటి మీద ముంగురులు చూసి మా అమ్మాయి ఫ్యాన్ అయిపోయింది. ఆ నటి ఇంకేమేం చేశారు?
— ఒక పాఠకుడు, తెనాలి

మీ అమ్మాయికి మంచి అభిరుచి ఉంది. పాలిన్ మొరన్ 1947లో బ్లాక్‌పూల్లో పుట్టారు. 1960ల్లో 'ద షీ ట్రినిటీ' అని అందరూ ఆడవాళ్లే ఉన్న ఒక రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించారు. నటనలో శిక్షణ లండన్‌లోని 'రాడా' అనే నాటక విద్యాలయంలో. మిస్ లెమన్‌కి జ్యోతిషం మీద ఉన్న ఆసక్తి ఈమెకి కూడా ఉంది, వృత్తిగానే జ్యోతిషం చూస్తారు.

ఇంకో సంగతి మీ అమ్మాయికి చెప్పేముందు ఆలోచించుకోండి. ప్వారో సీరియల్ మొదలైన 1989లోనే, క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఐటీవీలో 'ద వుమన్ ఇన్ బ్లాక్' అని ఒక టీవీ సినిమా వచ్చింది. అందులో నల్లబట్టల దయ్యం ఈమే. ఏడాదంతా టైపురైటర్ ముందు చూసిన మొహం ఏడాది చివర అలా కనిపిస్తే అప్పటి ప్రేక్షకులకి ఎలా ఉండి ఉంటుందో! చిన్నపిల్లలకి మాత్రం చూపించకండి, పెద్దవాళ్లే దీపం వేసుకుని పడుకోవాలి.

ప్వారో, మిస్ లెమన్ మధ్య ప్రేమేమైనా ఉందంటారా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

లేదు, లేకపోవడమే బాగుంది. ప్వారో మనసు పారేసుకుంది రష్యన్ కౌంటెస్ వేరా రసకోఫ్ మీద. పైన చెప్పిన ఎస్కలేటర్ మీది ఆవిడ ఆమే. టీవీలో 'ద డబుల్ క్లూ' ఎపిసోడ్ చూడండి, ప్వారో ఆమెతో షికార్లు తిరుగుతుంటే కేసు ఏమైపోతుందోనన్న టెన్షన్‌తో హేస్టింగ్స్, మిస్ లెమన్ కలిసి సొంతంగా పరిశోధన మొదలుపెడతారు. అక్కడ మిస్ లెమన్ మొహంలో కనిపించేది అసూయ కాదు, ఈ ఇల్లు ఇలాగే ఉంటుందా ఉండదా అన్న దిగులు. ఆమెకంటూ ఒక స్నేహం 'ఇటాలియన్ నోబుల్‌మన్' ఎపిసోడ్లో వస్తుంది, ఎడ్విన్ గ్రేవ్స్ అనే మనిషితో. అతను తన గురించి చెప్పుకున్నవన్నీ నిజాలు కావు. అంతకంటే చెప్తే కథ చెప్పేసినట్టే.

2001 తర్వాత మిస్ లెమన్ ఏమైంది? చెప్పాపెట్టకుండా మాయమైపోయింది. నాకు సీరియల్ అక్కడే అయిపోయినట్టు అనిపించింది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

నాకూ దాదాపు అలాగే అనిపించింది, అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు.

మొదట్లో ఎక్కువగా చిన్న కథలు తీశారు, ఒక్కోటీ గంటలోపు. 1993కి ఆ దశ ముగిసి, ఆ తర్వాత అన్నీ సినిమా నిడివికి మారాయి. 2000లో 'లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్', 2001లో 'ఈవిల్ అండర్ ద సన్', ఈ రెంటిలో మిస్ లెమన్ ఉంది. ఆ విడత అయ్యాక బ్రయన్ ఈస్ట్‌మన్ తప్పుకున్నారు. 2003 చివర్లో 'ఫైవ్ లిటిల్ పిగ్స్'తో వచ్చిన కొత్త బృందం హేస్టింగ్స్‌నీ, జాప్‌నీ, మిస్ లెమన్‌నీ పక్కన పెట్టేసింది. కథలు చీకటిగా, బరువుగా మారాయి, ప్వారో ఒంటరివాడయ్యాడు. 2006లో 'టేకెన్ ఎట్ ద ఫ్లడ్' నుంచి జార్జ్ వచ్చాడు, డేవిడ్ యెలాండ్ చక్కగా చేశారు.

వాళ్ల వాదన ఊహించవచ్చు. మిగిలిన నవలల్లో ఈ ముగ్గురూ ఎక్కువగా లేరు, మూలానికి దగ్గరగా తీయాలి. సరే, ఒప్పుకుందాం. 'ఫైవ్ లిటిల్ పిగ్స్' నిజంగా గొప్పగా తీశారు, అందులో మిస్ లెమన్ ఉంటే అడ్డమే. కానీ 'థర్డ్ గర్ల్' నవలలో మిస్ లెమన్ ఉంది, 2008 సినిమాలో లేదు. 'ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్', 'డెడ్ మ్యాన్స్ ఫాలీ' నవలల్లో ఉంది, 2013 సినిమాల్లో లేదు. నేను అంతగా మెచ్చుకున్న నరకం జవాబు 'లేబర్స్ ఆఫ్ హెర్క్యులిస్' సంపుటిలోదే కదా, అదే పేరుతో 2013లో తీసినదాంట్లోనూ ఆమె లేదు. నవలలో లేని 'ఈవిల్ అండర్ ద సన్'లోకి పిలిచి, నవలలో ఉన్న చోట తీసేశారన్నమాట. మూలానికి విధేయత అంటే ఇది ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒక్కసారి మాత్రం తిరిగొచ్చింది. 2013 అక్టోబర్‌లో వచ్చిన 'ద బిగ్ ఫోర్' ప్వారో అంత్యక్రియలతో మొదలవుతుంది. హేస్టింగ్స్, జాప్, మిస్ లెమన్ ముగ్గురూ వస్తారు, అందరూ వయసులో పెద్దవాళ్లయ్యారు. 1927 నాటి ఆ నవలలో మిస్ లెమన్ లేనే లేదు, సినిమాగా కూడా అది సీరియల్లోని మంచివాటిలో చేరదు, కథ గందరగోళంగా ఉంటుంది. అయినా నేను దాన్ని వదులుకోలేను. పన్నెండేళ్లు కనిపించని మనిషి నల్ల దుస్తుల్లో వచ్చి నిలబడితే, ఆ సెక్రటరీ ఆ ఇంటికి ఏమవుతుందో మాటలు లేకుండానే తెలిసిపోతుంది.

ప్వారో ఫ్లాట్ ఉన్న భవనం నిజంగా ఉందా?
— ఒక పాఠకుడు, లండన్

మీ ఊళ్లోనే ఉందండీ. చార్టర్‌హౌస్ స్క్వేర్‌లో ఫ్లోరిన్ కోర్ట్, 1936లో కట్టింది. సీరియల్లో 'వైట్‌హేవెన్ మాన్షన్స్' అని బయటినుంచి చూపించేది దాన్నే. లోపల మనుషులు కాపురముంటున్నారు, రోడ్డు మీంచే చూసి రండి.

నేను ఇంతవరకు ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. మిస్ లెమన్ కోసమే చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

మొదటి సీజన్ వరసలోనే చూడండి, ఎక్కడినుంచో ఒకటి పట్టుకోకండి. 'థర్డ్ ఫ్లోర్ ఫ్లాట్' దాకా వచ్చేసరికి, పడిశం పట్టిన ప్వారో ఆవిరి పట్టే దృశ్యంలో మీకు ఆ ఇల్లు అలవాటైపోతుంది. తర్వాత 'పెరిల్ ఎట్ ఎండ్ హౌస్', 'చీప్ ఫ్లాట్', 'డబుల్ క్లూ', 'ఈజిప్షియన్ టూంబ్', 'ఇటాలియన్ నోబుల్‌మన్'. ఆ పైన 'హికరీ డికరీ డాక్', అక్కని కూడా అందులో చూస్తారు, జాప్ కొన్నాళ్లు ప్వారో ఇంట్లో మకాం పెట్టి పడే అవస్థలు అదనం. 'ద బిగ్ ఫోర్' మాత్రం ఇవన్నీ అయ్యేదాకా ముట్టుకోకండి. ముందే చూస్తే ఆ వచ్చినవాళ్లు ఎవరో, ఎందుకు వచ్చారో మీకు పట్టదు.